నీళ్ల పేజీ తెరిస్తే ఆగని బ్లేడు

నేను కర్నూల్లో సాఫ్ట్‌వేర్ పని చేసి రిటైరయ్యాను. ఈ మాట చెప్పగానే హైదరాబాదు నుంచి వచ్చిన మా చుట్టాలు నన్ను ఎగాదిగా చూసి "కర్నూల్లోనా?" అంటారు. అవును, కర్నూల్లోనే. మా ఆఫీసుకు కింద టైర్ల షాపు, పైన ఇంటి ఓనరు, మధ్యలో మేము. ఎండాకాలం కీబోర్డు మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టుండేది. అక్కడ కూర్చుని ముప్పై ఏళ్లకు దగ్గరగా యంత్రాలు నడిపే ప్రోగ్రాములు రాశాను. మీ అద్దాల మేడల సంగతి నాకు తెలియదు, దాని గురించి ఏమీ చెప్పను.

ఇది ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అన్నవి రాయను. ఆ శాలువాలు మా ఇంట్లో ఇస్త్రీ బల్ల మీద పరిచి ఉన్నాయి, బాగానే పనికొస్తున్నాయి. నేను రాసేది ఒక తప్పు గురించి. నా తప్పు. దాని వల్ల మస్తాన్ వలి అనే మనిషికి మణికట్టు విరిగింది, పని పోయింది, ఊళ్లో పేరు పోయింది. మొదటిదానికి కారణం నాకు లైబ్రరీలు సరిగ్గా కలపడం రాకపోవడం. తక్కిన రెండిటికీ కారణం నా సంతకం.

మా పెట్టె

బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాయి ఫ్యాక్టరీలు బోలెడు. గని నుంచి వచ్చిన రాయిని బల్ల మీద పెడితే పైనుంచి పెద్ద గుండ్రటి బ్లేడు దిగి కోస్తుంది. కోస్తున్నంతసేపూ నీళ్లు పడుతూ ఉండాలి, లేకపోతే బ్లేడు కాలిపోతుంది. ఆ యంత్రాన్ని నడిపే కంట్రోల్ పెట్టె, దాని మీద చిన్న తెర, మా కంపెనీ సరుకు. పెట్టె లోపల నడిచే ప్రోగ్రామ్ నా సరుకు.

మా బాసు వెంకటసుబ్బయ్య గారు అంతకుముందు కాలిపోయిన మోటార్లకు వైండింగ్ కట్టే షాపు నడిపేవారు. మోటారు మోత విని రోగం చెప్పగలరు. సాఫ్ట్‌వేర్ అంటే కంటికి కనపడని వైరింగ్ అని ఆయన అభిప్రాయం. అంతకంటే మంచి నిర్వచనం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు గాని, ఆ మాట ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు, నెత్తికెక్కుతుందని.

పాత యంత్రాల్లో ఎర్ర స్టాప్ బటన్ నొక్కితే మోటారుకు పోయే కరెంటు తీగే తెగేది. మధ్యలో ఎవరి పెత్తనమూ ఉండేది కాదు. బాసుకు ఒకరోజు బుద్ధి పుట్టింది. ఆ బటన్ తీగను కూడా మన పెట్టెలోకే తెచ్చుకుంటే ఎవరు ఎప్పుడు ఆపారో అన్నీ రాసిపెట్టుకోవచ్చు, ఓనర్లకు అలాంటివి ఇష్టం అన్నారు. నేను వద్దనలేదు. నా ప్రోగ్రామ్ మీద నాకు అంత పొగరు. అప్పుడు ఆ పొగరును ఆత్మవిశ్వాసం అనుకునేదాన్ని.

స్టాటిక్, షేర్డ్, వాటి మధ్య కాపురం

తెలిసినవాళ్లు ఈ భాగం దాటేయండి. తెలుసు అనుకునేవాళ్లు మాత్రం దాటొద్దు, నేనూ అనుకున్నదాన్నే.

లైబ్రరీ అంటే పదిచోట్ల పనికొచ్చే కోడును ఒకచోట రాసి పెట్టుకోవడం. దాన్ని మన ప్రోగ్రామ్‌కు రెండు రకాలుగా కలపవచ్చు. స్టాటిక్‌గా కలిపితే, ప్రోగ్రామ్ తయారయ్యేటప్పుడే లింకర్ కావలసిన ముక్కలను కాపీ తీసి మన ఫైల్లో కుట్టేస్తుంది. ఇక అది మన ఒంట్లో భాగం. షేర్డ్ లైబ్రరీ అయితే బయట వేరే ఫైలుగానే ఉంటుంది, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వచ్చి చేరుతుంది, ఎంతమంది వాడుకున్నా అదొక్కటే. ఏది వాడినా ఇబ్బంది లేదు. రెండూ కలిపి, ఏది ఎక్కడ ఉందో మరిచిపోతేనే కొంప మునుగుతుంది.

మా దగ్గర ఒక చిన్న లైబ్రరీ ఉండేది. దాన్ని స్థితి లైబ్రరీ అనేవాళ్లం. బ్లేడు తిరుగుతోందా, దిగిందా, స్టాప్ ఎవరైనా నొక్కారా అన్న సంగతులు అది గుర్తు పెట్టుకుంటుంది. దాన్ని స్టాటిక్‌గా అసలు ప్రోగ్రామ్‌లో కుట్టాం. తర్వాత ఒక్కో ఫ్యాక్టరీకి ఒక్కో కోరిక మొదలైంది. ఒకరికి పలకల లెక్క తెర మీద కావాలి, ఒకరికి నీళ్ల మట్టం కావాలి. ఇలాంటి పేజీలను విడివిడిగా షేర్డ్ లైబ్రరీలుగా చేశాం, ఎవరు ఏ పేజీ తెరిస్తే అది వచ్చి చేరేట్టు. నీళ్ల పేజీకి కూడా యంత్రం స్థితి తెలియాలి కదా, అందుకని దాంట్లోనూ అదే స్థితి లైబ్రరీని కుట్టాం. అంటే ఒకే క్లాసుకు రెండు హాజరు పట్టీలు తయారయ్యాయి. అయ్యవారు ఒకదాంట్లో రాస్తారు, హెడ్మాస్టరు రెండోది తెరిచి చూస్తాడు.

లింకర్ అప్పుడే మొత్తుకుంది. ఈ స్టాటిక్ ముక్కను మెమరీలో ఎక్కడ కూర్చోబెట్టినా నడిచేట్టు తయారు చేయలేదు, దీన్ని షేర్డ్ దాంట్లో కుట్టను పో అంది. ఆ అరుపు వినగానే అందరూ చేసేదే నేనూ చేశాను. ఇంటర్నెట్లో వెతికి, కోడును యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కు ఎవరో చెప్పిన ఒక మాట చేర్చి, దాని నోరు మూయించాను. వీళ్లు దీన్ని రెండుచోట్ల కుడుతున్నారు, ఒకసారి ఆలోచించుకోండి అని ఆ అరుపుకు అర్థం. నేను ఆలోచించలేదు. టీ తాగడానికి పోయాను.

అయినా కొన్నేళ్లు ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో కూడా నాకు తెలియదు, అదీ అసలు సిగ్గుచేటు. ప్రోగ్రామ్ తయారుచేసే ఫైల్లో ఎవరో ఎప్పుడో ఒక చిన్న మాట రాసి ఉన్నారు. అసలు ప్రోగ్రామ్ తన లోపలి పేర్లన్నీ బయటికి చూపించాలని దాని అర్థం. అది ఉన్నంతకాలం, నీళ్ల పేజీ వచ్చి చేరేటప్పుడు తన సొంత కాపీని పక్కన పెట్టి, అసలు ప్రోగ్రామ్‌లో ఉన్న స్థితినే వాడుకునేది. రెండు పట్టీలున్నా ఒకదాంట్లోనే రాసేవాళ్లన్నమాట. అదృష్టం మీద నడుస్తున్న సంసారం.

నేను చేసిన శుభ్రం

ఒక ఎండాకాలం నాకు శుభ్రం చేసే పిచ్చి పట్టింది. ఆ తయారీ ఫైలు చెత్తకుప్పలా ఉండేది. ఒక లైబ్రరీ పేరు వరసగా మూడుసార్లు రాసి ఉంది. స్టాటిక్ లైబ్రరీలను లింకర్ ఎడమ నుంచి కుడికి ఒక్కసారే చూసుకుంటూ పోతుంది, అప్పటికి ఎవరూ అడగని ముక్కను తీసుకోదు. వరస సరిగ్గా పెట్టడం చేతకాక, లింక్ అయ్యేదాకా పేరు మీద పేరు రాసుకుంటూ పోయారు. దేవుడికి టెంకాయ చాలదేమోనని ఇంకోటి కొట్టినట్టు. నేను వరస సరిచేసి పేరు ఒక్కసారికి తగ్గించాను. అంతవరకు మంచి పనే. తర్వాత ఆ పేర్లు బయటికి చూపించే మాట కంటబడింది. ఇదెందుకు దండగ అనుకుని కొట్టేశాను. ఫైలు సైజు కొంచెం తగ్గింది. బాసుకు చూపించి మెచ్చుకోలు కూడా కొట్టేశాను.

తర్వాత పరీక్షించామా? పరీక్షించాం. కానీ ఎలా పరీక్షించామో వినండి, వింటే మీ దగ్గర ఇలాంటి తప్పు జరగదు. మా ఆఫీసు వెనక రేకుల షెడ్డులో ఒక పాత కోత యంత్రం ఉండేది, దాని మీదే అన్నీ పరీక్షించేవాళ్లం. ఆ ఎండాకాలం మా వీధిలో బోర్లన్నీ ఎండిపోయాయి. తాగడానికే ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకుంటుంటే, రాయి మీద పోయడానికి నీళ్లెవరిస్తారు? నీళ్లు లేకుండా బ్లేడును ఉత్తినే గాల్లో తిప్పి చూసేవాళ్లం. నీళ్ల పేజీ ఏమో తొట్టిలో నీళ్లు లేవని రోజంతా కుయ్‌కుయ్‌మని మోగేది. పైన ఇంటి ఓనరు వచ్చి గొడవపడ్డాడు. అందుకని మా పరీక్ష యంత్రంలో ఆ పేజీని పీకేశాం. నీళ్ల పేజీ లేకుండా అన్ని పరీక్షలూ పాసయ్యాయి. కొత్త ప్రోగ్రామ్‌ను ముందుగా బేతంచెర్లలో రమణారెడ్డి అనే ఓనరు ఫ్యాక్టరీలో వేసి వచ్చాం.

మూడుసార్లు ఆగిన యంత్రం

అక్కడ ఆపరేటరు మస్తాన్ వలి. రాయిని తట్టి లోపల పగులుందో లేదో చెప్పేవాడు. అతను కోసిన పలక అంచు మీద వేలు పెట్టి గీస్తే ఎక్కడా తగలదని చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాళ్లు కూడా చెప్పుకునేవారు. ఇంట్లో అతని సంపాదన మీద ఐదుగురు బతుకుతున్నారు.

ప్రోగ్రామ్ వేసిన వారానికి ఫోను వచ్చింది. కోత మధ్యలో రాయి జరిగిందట, సరిచేయడానికి మస్తాన్ గడ్డపార తీసుకుని లోపలికి పోయాడట, బ్లేడు తిరుగుతూనే ఉందట. గడ్డపారను విసిరి కొట్టింది. ఎడమ మణికట్టు విరిగింది. పక్కనున్నవాళ్లు గోడ మీది మెయిన్ స్విచ్ దింపేయబట్టి అంతటితో పోయింది.

నేను మరుసటి రోజే వెళ్లాను. మస్తాన్ ఆస్పత్రిలో ఉన్నాడు. పెట్టెకు కరెంటు ఇచ్చి, ఓనరు ముందు, పనివాళ్ల ముందు బ్లేడు తిప్పి స్టాప్ నొక్కాను. ఆగింది. మళ్లీ తిప్పి నొక్కాను. ఆగింది. ఇంకోసారి. ఆగింది. తర్వాత పెట్టెలో యంత్రం రాసుకున్న చిట్టా తీశాను. ఆ రోజు పొద్దున యంత్రం మొదలైనట్టుంది, మెయిన్ పోయినట్టుంది, మధ్యలో స్టాప్ నొక్కినట్టు లేదు.

అక్కడే, స్టూలు మీద కూర్చుని, రిపోర్టు రాశాను. ఆపరేటరు స్టాప్ నొక్కకుండా లోపలికి వెళ్లాడు అని. కింద సంతకం చేశాను. అక్షరాలు కూడా గుండ్రంగా వచ్చాయి. మా నాన్న కమలాపురంలో చర్చి బళ్లో అయ్యవారు, అబద్ధం ఆడితే అరచేతి మీద బెత్తం పడేది. ఆ రోజు నాకు అబద్ధం ఆడుతున్నానన్న అనుమానమే రాలేదు. యంత్రం చెప్పింది కదా, యంత్రం చెబితే ఇంకేం కావాలి అనుకున్నాను.

రమణారెడ్డి ఆ కాగితాన్ని ఫ్యాక్టరీలో అందరికీ చదివి వినిపించాడు. మస్తాన్‌ను పని నుంచి తీసేశాడు. భయపడి ఇంకెవరూ దాని ముందు నిలబడక ఆ యంత్రం ఊరికే పడి ఉంది. ఆ కాగితం సంగతి తక్కిన ఫ్యాక్టరీలకూ పాకింది. చెయ్యి అతుక్కున్నాక పని అడుగుదామని పోతే గేటు దగ్గరే పొమ్మన్నారు.

మెట్లెక్కి వచ్చిన మనిషి

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం అతను మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. బేతంచెర్ల నుంచి బస్సులో వచ్చాడు. చెయ్యి సన్నబడింది, మణికట్టు పూర్తిగా తిరగడం లేదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. డబ్బు అడగడానికి వచ్చాడనుకున్నాను. ఏం చెప్పి పంపాలో మనసులో మాటలు కూడా వెతుక్కున్నాను, నా బుద్ధిని చెప్పుతో కొట్టాలి.

"మేడమ్, నేను నొక్కినా," అన్నాడు. "నొక్కినాంక తెర మీద ఆగింది అని పడినాది. అది సూసే లోపలికి పోయినా. నేనేమన్నా పిచ్చోన్నా, తిరిగే బ్లేడు కిందికి పోనీకి?"

నేను చిట్టా గురించి చెప్పాను. మూడుసార్లు నొక్కి చూసిన సంగతి చెప్పాను. అతను తల ఊపాడు. అదంతా అతను అప్పటికే విన్నాడు.

"మీరు నొక్కేటప్పుడు నీళ్ల పేజీ తెరిసి పెట్నారా?"

లేదన్నాను.

"నేను తెరిసి పెట్టుకోనుంటి. ఆ పొద్దు గుంతలో నీళ్లు శానా కిందికి ఉండె, ఎప్పుడు అయిపోతాయో అని సూస్తాంటి. రెండు నెలలు పండుకోని ఇదే యోచన చేసినా మేడమ్. నాకు వేరే తేడా ఏం కనపళ్ళ్యా."

ఇది చదువుతున్న పిల్లలూ, ఒక్కమాట. మన పనిలో ఎవరైనా నేను ఇలా చేశాను, ఇలా అయింది అని వరస చెబుతుంటే అది బంగారం. ఆ వరసను పెద్ద పెద్ద డిగ్రీలున్న మనం అరనిమిషం కూడా వినం. ఆ మనిషి విరిగిన చేత్తో రెండు నెలలు పడుకుని నా ప్రోగ్రామ్‌లో తప్పు కనిపెట్టాడు. నేను ఆ ప్రోగ్రామ్ రాసి కూడా కనిపెట్టలేదు.

అతన్ని షెడ్డులోకి తీసుకుపోయాను. పీకేసిన నీళ్ల పేజీని మళ్లీ పెట్టాను. బ్లేడు తిప్పాను. నీళ్ల పేజీ తెరిచాను, అది కుయ్‌కుయ్‌మని మొదలుపెట్టింది. స్టాప్ నొక్కాను.

తెర మీద ఆగింది అని పడింది. బ్లేడు తిరుగుతూనే ఉంది.

మస్తాన్ నడుచుకుంటూ పోయి గోడ మీది మెయిన్ తనే దింపాడు.

ఏం జరిగిందంటే

స్థితి లైబ్రరీ మేలుకోగానే మొదట చేసే పని, స్టాప్ బటన్‌ను తన కిందికి తెచ్చుకోవడం. నొక్కితే నాకే చెప్పాలి అని. ఒకసారి తెచ్చుకున్నాక, తెచ్చుకున్నాను అని గుర్తు పెట్టుకుంటుంది, మళ్లీ తెచ్చుకోకుండా. నేను ఆ మాట కొట్టేశాక రెండు కాపీలూ దేనికది అయ్యాయి. నీళ్ల పేజీ తెరవగానే దాని లోపలి కాపీ కళ్లు తెరిచింది. తన గుర్తు చూసుకుంటే ఖాళీగా ఉంది. బటన్‌ను లాక్కుంది. ఆ తర్వాత ఎవరు నొక్కినా ఆ కాపీకే తెలుస్తుంది, అది తెర మీద ఆగింది అని రాస్తుంది. మోటారును తిప్పేది, చిట్టా రాసేది అసలు ప్రోగ్రామ్‌లోని కాపీ. దానికి ఏమీ తెలియదు. కరెంటు పోయి వస్తే పెట్టె కొత్తగా మొదలవుతుంది, నీళ్ల పేజీ మళ్లీ తెరిచేదాకా అంతా బుద్ధిగా నడుస్తుంది. నేను మూడుసార్లు నొక్కి చూపించిన ఘనత అదే.

దీన్నుంచి మీకు కావలసింది చెబుతాను. ఏ లైబ్రరీ అయినా ఒక సంగతిని గుర్తు పెట్టుకునేదైతే, దాన్ని ఒక్కచోటే ఉంచండి. షేర్డ్ పేజీలు ఉన్న ప్రోగ్రామ్‌లో అయితే ఆ లైబ్రరీ కూడా షేర్డ్‌గానే ఉండాలి, అందరూ దాన్నే అడగాలి. లెక్కలు కట్టే లైబ్రరీ, అక్షరాలు తిప్పే లైబ్రరీ, అంటే ఏదీ గుర్తు పెట్టుకోనిది, పదిచోట్ల కుట్టినా పెద్దగా ప్రాణం తీయదు. అలా కుట్టినప్పుడు దాని పేర్లు బయటికి కనపడకుండా దాచేయండి, లేకపోతే ఒక వెర్షన్ అనుకుని ఇంకో వెర్షన్‌ను పిలిచి కూర్చుంటారు. ఒక కాపీ తీసుకున్న మెమరీని ఇంకో కాపీ చేత వదిలించకండి. ప్రోగ్రామ్ లోపల ఏ పేర్లున్నాయో జాబితా చూపించే పనిముట్టు ప్రతి లింకర్‌తోనూ వస్తుంది. ఒకే పేరు రెండు ఫైళ్లలో కనపడితే తయారీ అక్కడే ఆగిపోయేట్టు చేసుకోండి. నేను తర్వాత చేసింది అదే. నేను కొట్టేసిన ఆ మాటను తిరిగి పెట్టేసి ఊరుకోవడం కూడా ఒక దారే. మా బాసు అదే చేయమన్నారు. కానీ ఎందుకుందో తెలియని మాటను ఇంకెవరో శుభ్రం పిచ్చి ఉన్నవాళ్లు మళ్లీ కొట్టేస్తారు, నాకు ఆ జాతి గురించి బాగా తెలుసు.

బాసుతో పేచీ

వెంకటసుబ్బయ్య గారికి అదే సాయంత్రం చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ప్రోగ్రామ్ మార్చేసి గమ్మున వేసి వచ్చేద్దాం, మస్తాన్‌కు ఇంకెక్కడైనా పని ఇప్పిద్దాం, కాగితం ఎందుకు అన్నారు.

"ఏమ్మా కరుణమ్మా, పేజీ తెరిస్తే మోటరు ఆగదు అని మనమే రాసిస్తే, రేపు మన పెట్టె ఎవురు కొంటారు?"

"నేను ఒక కాగితం రాసినాను సార్. అది తప్పు. ఇంకోటి రాస్తాను. మీరు సంతకం పెట్టకపోతే నా ఒక్కదాని సంతకంతోనే ఇస్తాను."

ఆయన ఒళ్లు మండిపోయి, నీ ఇష్టం వచ్చింది చేసుకో పో అని లేచి వెళ్లిపోయారు. నాకూ ఒళ్లు మండింది. పన్నెండు రోజులు మేమిద్దరం మాట్లాడుకోలేదు, చిన్న ఆఫీసు కావడంతో అది చాలా కష్టమైన పని.

ఆ పన్నెండు రోజుల్లో స్థితి లైబ్రరీని బయటికి తీసి షేర్డ్‌గా చేశాను. ట్యాంకరు నీళ్లు నా సొంత డబ్బుతో తెప్పించి, తొట్టి నింపి, అన్ని పేజీలూ తెరిచి, రాయి కోసి మరీ చూశాను. పైన ఇంటి ఓనరు గొడవకు వస్తే అతనితోనూ గొడవపడ్డాను. తర్వాత కొత్త ప్రోగ్రామ్ పట్టుకుని బేతంచెర్ల వెళ్లాను. మస్తాన్‌ను కూడా రమ్మన్నాను.

తెర చూసి పోవాలి

ముందు పాత ప్రోగ్రామ్‌తోనే, నీళ్ల పేజీ తెరిచి, స్టాప్ నొక్కి అందరికీ చూపించాను. బ్లేడు ఆగలేదు. పనివాళ్లు తెర వైపు, బ్లేడు వైపు మార్చి మార్చి చూశారు. ఒకతను మస్తాన్ భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత కొత్తది వేసి నొక్కాను. ఆగింది. పదిసార్లు నొక్కాను, పదిసార్లూ ఆగింది.

నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది, ఎక్కడికి పోతుంది పాడు బుద్ధి.

మస్తాన్ గోడకు ఆనించిన గడ్డపార తెచ్చి నా చేతికిచ్చాడు.

"నేను నొక్కుతా మేడమ్. తెర మీద ఆగింది అని పడతానే మీరు లోపలికి పోండి. బ్లేడు పక్క సూడొద్దు. తెర సూసి పోవల్ల. ఆ పొద్దు నేను పోయినట్ల."

బ్లేడు తిరుగుతోంది. గడ్డపార పట్టుకుని నిలబడ్డాను. ప్రోగ్రామ్ నాది. తప్పు దిద్దింది నేను. పదిసార్లు చూసింది నేను. అయినా కాలు కదలలేదు. తెర మీద ఒక పేజీ ఉంది, అలాంటివి ఇంకా నాలుగున్నాయి, ఒక్కొక్కదాంట్లో నేను కుట్టినవి ఏమేం ఉన్నాయో ఒక్కసారిగా అన్నీ గుర్తొచ్చాయి. నాకు భయమేసింది. ఆ మాటే అతనితో చెప్పాను.

"నాకు భయంగా ఉంది మస్తాన్."

అతను వెక్కిరించలేదు. "మరి రేపు రాండి మేడమ్. భయం పోయినాంకే రాండి," అన్నాడు.

కర్నూలుకు తిరిగి వచ్చి నేరుగా బాసు ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని పేపరు చదువుతున్నారు. జరిగింది చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, నేను ఊహించని మాట అన్నారు.

"ఎర్ర బటన్ నొక్కితే తీగ తెగల్ల. అంతే. వైండింగ్ షాపులో నా కాడ పనిచేసే ప్రతివానికీ ఇదే చెప్తాంటి. నీ తెరను సూసి నేనే మోజుపడితి."

మరుసటి రోజు పొద్దున్నే ఆయన తన పాత పనిముట్ల సంచి తీసుకుని నాతో బస్సెక్కారు. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా చేతులు మడిచి, రాతిపొడిలో మోకాళ్ల మీద కూర్చుని, స్టాప్ బటన్ తీగను మా పెట్టెలోంచి బయటికి లాగి మోటారు కరెంటుకు నేరుగా కట్టారు. పెట్టెకు ఒక సన్న తీగ మాత్రం ఇచ్చారు, ఆగిన సంగతి తెలుసుకోవడానికి, పెత్తనానికి కాదు. ప్రాణం కాపాడే పనిని ప్రోగ్రామ్ చేతిలో పెట్టకండి పిల్లలూ. ఎంత బాగా లింక్ చేసినా పెట్టకండి. ఇది నా మొత్తం ఉద్యోగంలో నేను చెప్పగలిగిన ఒకే ఒక్క మాట, తక్కినదంతా మీకు ఇంటర్నెట్లో దొరుకుతుంది.

తర్వాత గడ్డపార తీసుకున్నాను. బ్లేడు తిరుగుతోంది, నీళ్ల పేజీ తెరిచి ఉంది. మస్తాన్ కుడిచేత్తో నొక్కాడు. తెర మీద మాట పడింది. బ్లేడు వైపు చూడకుండా లోపలికి నడిచి, గడ్డపారను రాయి కిందికి దూర్చి ఎత్తాను. రాయి కదిలింది. నాకేమీ కాలేదు. బాసు చొక్కా మాత్రం చెమటకు తడిసిపోయి ఉంది.

రమణారెడ్డి కొంచెం ఇబ్బందిగా నవ్వి, "అయిపాయె గదప్పా మస్తానూ, రేపటి నుంచి పనిలోకి రా," అన్నాడు. అందరూ కదలబోయారు.

మస్తాన్ కదలలేదు. "కాగితం?" అన్నాడు.

నా సంచిలో ఉన్న కొత్త రిపోర్టు తీసి రమణారెడ్డికి ఇవ్వబోయాను. దాని కింద రెండు సంతకాలున్నాయి, రెండోది బాసు బస్సులో పెట్టారు, కుదుపులకు వంకరగా. మస్తాన్ అడ్డం వచ్చాడు.

"మొదటిది అందరికీ సదివి ఇనిపించినారు. ఇది గూడా సదవల్ల. మీరే సదవండి మేడమ్, రాసింది మీరే గదా."

చదివాను. యంత్రాన్ని ఆపడానికి మస్తాన్ వలి స్టాప్ నొక్కారు. యంత్రం ఆగలేదు. ఆగిందని తెర మీద తప్పుగా చూపించింది. ఆయన స్టాప్ నొక్కలేదని ముందు ఇచ్చిన రిపోర్టు తప్పు. ఈ తప్పులు రెండూ నావి.

అవతల షెడ్డులో పాలిష్ యంత్రాలు నడుస్తున్నాయి. మస్తాన్ ఆ వైపు చూశాడు. అక్కడ పనిచేసేవాళ్లు ఏడెనిమిది మంది యంత్రాల దగ్గరే నిలబడి మా వైపు చూస్తున్నారు.

"ఆడ ఉండేవాల్లకు ఇనపళ్ళ్యా," అన్నాడు. "నన్ను నొక్కనోడు అని పిలిసేది వాల్లే. ఇంగొకసారి సదువక్కా. గట్టిగ."

కళ్లు తుడుచుకుని, ఆ షెడ్డు వైపు తిరిగి, మొదటి నుంచి అరుస్తూ చదివాను.